ఊరి పేరు ఎత్తని ఉపన్యాసం

గల్ఫులో, ముసఫ్ఫాలోని ఐకాడ్ కార్మికుల క్యాంపులో భీమరాజుని భీమరాజు అని పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అతను 'అధ్యక్షా'. పొద్దున్నే బాత్రూముల ముందు వరసలో ఎవడైనా అడ్డంగా దూరాడా, వెనక నుంచి ఎవడో ఒకడు "సభలో క్రమశిక్షణ లేదు అధ్యక్షా!" అని కేకేసేవాడు. మెస్సులో పప్పు నీళ్లలా ఉంటే, "ఈ పప్పు మీద ప్రత్యేక చర్చకు అనుమతించాలి అధ్యక్షా!" అని కంచాలు మోగించేవాళ్లు. తెలుగు ముక్క రాని నేపాలీలు కూడా యార్డులో అతను ఎదురైతే "అధ్యక్షా సాబ్" అని నవ్వేవాళ్లు.

ఈ జబ్బు అందరికీ అంటించింది భీమరాజే. ఇనప దూలాలకి వెల్డింగు చేసి చేసి ఒళ్లు హూనమై వచ్చి, స్నానం చేసి మంచం మీద వాలాక అతను ఫోన్లో సినిమాలు పెట్టుకోడు. శాసన మండలి ఉపన్యాసాలు పెట్టుకుంటాడు. అందులోనూ ఒక్కడివే. ఎమ్మెల్సీ శ్యాంప్రసాద్‌వి.

శ్యాంప్రసాద్‌ది పెద్దల సభలో స్థానిక సంస్థల సీటు. దానికి ఓటేసేది జనం కాదు. జనం గెలిపించిన మండల మెంబర్లు, జిల్లా మెంబర్లు, మున్సిపల్ కౌన్సిలర్లు వేస్తారు. ఊళ్ల తరఫున మాట్లాడ్డానికని ప్రత్యేకంగా పెట్టిన సీటు అది. శ్యాంప్రసాద్ మాట్లాడేవాడు కూడా. పంచాయతీ డబ్బు ఎందుకు మళ్లించారని నిలదీసేవాడు. వీధి దీపాల కరెంటు బిల్లు మీద మాట్లాడేవాడు. శ్మశానానికి దారి లేని పేటల గురించి, జీతాలందని పారిశుద్ధ్య కార్మికుల గురించి, మండల మెంబరు వెళితే కుర్చీ కూడా వెయ్యని ఆఫీసుల గురించి మాట్లాడేవాడు. గొంతు మెల్లగా మొదలయ్యేది. 'అధ్యక్షా' అనే దగ్గర లేచేది. లేచిన చోట భీమరాజు కూడా మంచం మీద లేచి కూర్చునేవాడు.

భీమరాజు ఆరో తరగతిలో బడి మానేశాడు. మానేశాడనడం మర్యాదకి. వల లాగడానికి మనిషి చాలక నాన్న చెయ్యిపట్టుకుని తీసుకుపోయాడు. అప్పటి నుంచి చదువుకున్నవాడు తనతో అన్న మాటలు మూడే. ఇక్కడ వేలిముద్ర వెయ్యి, అక్కడ నిలబడు, రేపు రా. అలాంటిది ఒక పెద్దమనిషి ఇస్త్రీ బట్టలు కట్టుకుని రాజధానిలో మైకు ముందు నిలబడి వీధి కుళాయి గురించి గొంతు చించుకుంటుంటే అతనికి అన్నం తిన్నట్టుండేది.

కింది మంచం హబీబుల్లాది. రాయచోటి మనిషి, ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు. అతనికి ఈ గోల నచ్చేది కాదు.

"ఏమప్పా, ఆయప్ప అంత అరుస్తాండాడే, మీ ఊర్లో కుళాయికి నీళ్లొచ్చినాయా?"

"వస్తాయి. అడిగాడు కదా."

"అడిగితే వచ్చేట్టయితే మన క్యాంపు మేనేజరు ఉండాడే, ముదీర్, వాన్ని నేను రోజూ ఏసీ బాగుచేయమని అడుగుతాండా. చూడు, ఎట్ల చెమటలు కారుతాండాయో."

"నువ్వడగటం వేరు, సభలో అడగటం వేరు."

"ఓ! సభలో అయితే ఏసీ ఉంటాది, గొంతు బాగా లేస్తాది."

గదంతా నవ్వేది. భీమరాజు ఇయర్‌ఫోన్లు పెట్టేసుకునేవాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. భీమరాజు భార్య పేరమ్మ మండల పరిషత్ మెంబరు. ఆవిడా గల్ఫు చూసిన మనిషే. కొన్నేళ్లు రాస్ అల్ ఖైమాలో ఒక అరబ్బుల ఇంట్లో చేసింది. వాళ్ల పిల్లల్ని పెంచి, వాళ్ల ముసలావిడకి ఒళ్లు కడిగి, కరోనా ఏడాది ఇంటికి పోయి మళ్లీ రానంది. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. వాళ్ల ఊరు గోగుల మెరక స్థానం ఆడవాళ్లకి పడింది. రెండు పార్టీలూ పెద్దిళ్ల కోడళ్లని దింపాయి. పేటలో ఆడవాళ్లు, "కఫీల్‌తోనే, ఆ అరబ్బు యజమానితోనే దెబ్బలాడొచ్చింది, వీళ్లెంత" అని పేరమ్మని నిలబెట్టారు. ఏ పార్టీ జెండా లేకుండా కుట్టుమిషను గుర్తు మీద గెలిచేసింది.

గెలిచింది పేరమ్మ. ఫోన్లు మాత్రం భీమరాజుకి వచ్చేవి. మండలాఫీసులో మీటింగు పెట్టినా, రోడ్డు కాంట్రాక్టు ఎవరికివ్వాలని కొట్టుకున్నా, అక్కడి పెద్దమనుషులు సముద్రం ఇవతల దూలం అతుక్కుంటున్న మనిషికి చేసేవాళ్లు. "మెంబరు గారూ, కాస్త ఇంట్లో చెప్పండి." పేరమ్మకి చెబితే, "నాతో పనుంటే నాకు చెప్పమను మావా" అని పెట్టేసేది. అయినా ఆ పిలుపు భీమరాజుకి నచ్చింది. హెల్మెట్ కింద చెమట కళ్లలోకి కారుతుంటే 'మెంబరు గారు' అనిపించుకున్న వెల్డరు ఆ యార్డులో ఇంకెవడున్నాడు?

గోగుల మెరకకి మంచినీళ్ల చెరువు ఒక్కటే. దాని చుట్టూ రొయ్యల చెరువులు తవ్వారు. ఉప్పునీళ్లు దిగాయి. అన్నం వండితే ఉప్పగా ఉంటోంది, పసిపిల్లలకి ఒళ్లంతా దద్దుర్లు. రొయ్యల చెరువులు పూడ్చమని పంచాయతీ తీర్మానం చేసింది, మండలం తీర్మానం చేసింది. ఆ తీర్మానాల్నే పూడ్చేశారు, చెరువుల్ని కాదు. అవి శ్యాంప్రసాద్ వియ్యంకుడివి. ఆ సంగతి భీమరాజుకి తెలుసు. తెలిసీ మనసులో ఓ మూల తిప్పి పెట్టుకున్నాడు.

మండలం మీటింగుకి శ్యాంప్రసాద్ వచ్చినప్పుడు పేరమ్మ లేచి నిలబడి, మా ఊరి నీళ్ల సంగతి సభలో అడగమంది. "తప్పకుండా తల్లీ, నా గొంతు ఉన్నదే మీకోసం" అన్నాడట. అన్నట్టే ఆ సమావేశాల్లోనే మాట్లాడాడు.

"అధ్యక్షా! ఊరి తీర్మానమంటే పకోడీలు కట్టుకునే కాగితం కాదు అధ్యక్షా! పల్లె ఉప్పునీళ్లు తాగుతుంటే మనం ఇక్కడ సీసా నీళ్లు తాగుతున్నాం అధ్యక్షా! నాకీ నీళ్లు గొంతు దిగవు!" అని బల్ల మీది సీసా తీసి కింద పెట్టేశాడు. సభ బల్లలు చరిచింది.

ఐకాడ్‌లో పై మంచం మీద భీమరాజు కళ్లు తుడుచుకున్నాడు. అది అప్పటికప్పుడు పేరమ్మకి పంపి, "మన సంగతే! మన సంగతే మాట్లాడేడు!" అని వాయిస్ పెట్టాడు. పేరమ్మ నుంచి ఒకటే మాట వచ్చింది. "విన్నాను మావా."

అంతే. పొగడలేదు, తిట్టలేదు. నీళ్లు మోసి అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాడు.

శ్యాంప్రసాద్ ఆరేళ్ల పదవి అయిపోయి ఆ సీటుకి మళ్లీ ఎన్నిక వచ్చింది. ఒక శనివారం సాయంత్రం క్యాంపు గేటు దగ్గర తెల్లకారు ఆగింది. దిగింది మంగరాజు. వాళ్ల మండలం వాడే. ఎప్పుడో వచ్చి ఇక్కడ మనుషుల్ని సప్లై చేసే కంపెనీ పెట్టుకున్నాడు. గోదావరి వాళ్ల వీసాలు సగం అతని చేతి మీదుగానే నడుస్తాయి. భీమరాజుదీ అంతే. ఊళ్లో ఎన్నికలొస్తే మంగరాజు శ్యాంప్రసాద్ మనిషి.

"బావున్నారా మెంబరు గారూ? రేపు సెలవే కదా. దుబాయ్ రావాలి. పేరమ్మ గారు వచ్చేరు."

"ఎక్కడికండీ?"

"దుబాయేనండీ. బర్‌దుబాయ్‌లో హోటలు."

భీమరాజు ఆవిణ్ని చూసి రెండేళ్లయింది. ఈ వారమంతా ఫోన్ కలవకపోతే టవరు పడిపోయిందనుకున్నాడు.

ఓట్లు పడే దాకా మెంబర్లని ఎదుటివాళ్లకి చిక్కకుండా ఎక్కడో దాచి పెట్టడం అక్కడ మామూలే. గోవాలో పెడితే ఎదుటి పార్టీవాళ్లు వచ్చి గేట్లు విరగ్గొట్టి ఎత్తుకుపోబోయారట. అందుకని పాస్‌పోర్టులున్న వాళ్లనందర్నీ విమానం ఎక్కించేశామని మంగరాజు గొప్పగా చెప్పాడు. గోదావరి ఆడవాళ్లలో గల్ఫు పనికి పోయి వచ్చినవాళ్లే ఎక్కువ. పాస్‌పోర్టులకేం కొదవ?

"ఫోన్లు మా దగ్గర పెట్టుకున్నాం. అది పద్ధతి. అందరూ దారికొచ్చేరండీ. మీ ఆవిడొక్కరే నీళ్లంటారు, చెరువంటారు. మీరో మాట చెబితే అయిపోద్ది. మొగుడు చెబితే వినకేం చేస్తారు?" మంగరాజు అతని భుజం మీద చెయ్యేశాడు. "అన్నట్టు మీ వీసా వచ్చే నెలతో అయిపోతంది కదా. అది నేను చూసుకుంటాను. ఇది మీరు చూసుకోండి."

కారు వెళ్లిపోయేదాకా హబీబుల్లా గేటు పక్కనే కూర్చుని అంతా విన్నాడు. తర్వాత బీడీ పారేసి లేచాడు. "నీ ఆడమనిషికి ఏసీ క్యాంపు, నీకు ఈ క్యాంపు. ఇద్దర్నీ పెట్టుకునింది ఒగడే. చూస్తివా?"

ఆదివారం భీమరాజు గడ్డం గీసుకుని, ఒక్క ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. దారంతా చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాడు. వీసా గురించి చెప్పాలి. శ్యాంప్రసాద్ గారిలా మాట్లాడేవాడు ఇంకొకడు లేడని చెప్పాలి. ఒక్క ఓటే కదా అని చెప్పాలి.

హోటల్లో కింది హాలంతా మనవాళ్లే. ఇడ్లీలు తినేవాళ్లు తింటున్నారు, కునికేవాళ్లు కునుకుతున్నారు. గోడకి పెద్ద టీవీ. అందులో శ్యాంప్రసాద్ ఆగకుండా మాట్లాడుతున్నాడు. ఆరేళ్ల ఉపన్యాసాలన్నీ ఒకచోట కుట్టి పెట్టారు. ఎవరూ చూడటం లేదు. భీమరాజు ఒక్కడే, అలవాటు కొద్దీ, ఒక్క క్షణం ఆగి విన్నాడు.

పేరమ్మ మూల సోఫాలో కూర్చుని ఉంది. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది. అతన్ని చూసి లేచి, చెయ్యి పట్టుకోబోయి, చుట్టూ జనాన్ని చూసి ఆగిపోయింది.

"ఏం మావా, ఇంత నల్లబడిపోయేవేంటి?"

"వెల్డింగు మంటలే. నువ్వొస్తన్నట్టు చెప్పలేదేం?"

"చెప్పనిస్తేగా. బస్సెక్కగానే ఫోన్లడిగేరు. ఇక్కడ దిగగానే పాస్‌పోర్టులడిగేరు. అదిగో, ఆ సంచీలో ఉన్నాయి." మంగరాజు చంకలో ఉన్న నల్ల తోలు సంచీ వైపు చూపించింది. "కఫీల్ ఇంట్లో చేసేటప్పుడు నా పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉండేది. ఇప్పుడు మెంబర్నయ్యేను. మంగరాజు గారి చంకలో ఉంది. బాగా ఎదిగేను కదా?"

"భద్రత కోసమండీ" అని నవ్వుతూ మంగరాజు అదే సోఫాలో వచ్చి కూలబడ్డాడు.

"మరెందుకొచ్చేవే?" అన్నాడు భీమరాజు.

"రాకపోతే ఎదుటోళ్లకి అమ్ముడుపోయిందంటారు. ఇంకోటి..." పేరమ్మ పమిట సర్దుకుంది. "దుబాయ్ అన్నారు. నిన్ను చూడొచ్చనుకున్నాను."

మంగరాజు దగ్గాడు. భీమరాజు తల వంచుకుని మొదలుపెట్టాడు.

"పేరమ్మా, ఆయన మన కోసం మాట్లాడేడే. నీకు పంపేను కదా. నా ఫోన్లో ఉంది చూడు."

"పెట్టు. మొదట్నుంచీ పెట్టు. మన ఊరి పేరు ఎక్కడొస్తదో అక్కడ ఆపు."

భీమరాజు పెట్టాడు. ఆ ఉపన్యాసం అతనికి కంఠతా. ఎక్కడ గొంతు లేస్తుందో, ఎక్కడ సీసా తీస్తాడో, ఎక్కడ బల్లలు చరుస్తారో అన్నీ తెలుసు. పకోడీల కాగితం వచ్చింది. సీసా నీళ్లు వచ్చాయి. రెండు ఊళ్ల పేర్లు కూడా వచ్చాయి. ఆ రెండు ఊళ్లలోనూ రొయ్యల చెరువులు ఎదుటి పార్టీవాళ్లవి. బల్లలు మోగాయి. ఉపన్యాసం అయిపోయింది.

భీమరాజు వేలు ఫోను మీద అలాగే ఉండిపోయింది. ఆపాల్సిన చోటు రాలేదు.

"ఇంకోసారి పెడతావా?" అంది పేరమ్మ. ఎగతాళి లేదు ఆ గొంతులో. అదే అతనికి ఎక్కువ తగిలింది.

పెట్టలేదు. పెట్టక్కర్లేదు. ఇన్నాళ్లుగా విన్నదంతా ఇప్పుడే మొదటిసారి విన్నట్టయింది. గోగుల మెరక ఉప్పునీళ్లు తీసుకుపోయి, గోగుల మెరక ఏడుపు తీసుకుపోయి, పక్క ఊళ్ల నెత్తిన పోసి వచ్చాడు మహానుభావుడు. తను ఇక్కడ మంచం మీద కళ్లు తుడుచుకున్నాడు! పేరమ్మ ఆ రోజు 'విన్నాను' అన్నది దేని గురించో ఇప్పుడర్థమైంది. విన్నది ఆవిడ. తను చూసింది సీసా.

అప్పుడే శ్యాంప్రసాద్ లిఫ్టు దిగి వచ్చాడు. తెల్లబట్టలు, సెంటు వాసన, వెనక నలుగురు.

"ఏమ్మా పేరమ్మ తల్లీ, టిఫిన్ చేశావా? ఈయనేనా మన భీమరాజు? నా ఉపన్యాసాలన్నీ నోటికొచ్చట కదయ్యా!"

భీమరాజు కాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ముప్పై ఏళ్ల అలవాటు. పేరమ్మ లేవలేదు.

"టిఫినుకేం లోటండీ. ఒకటే అడుగుతాను. సభలో మా ఊరి పేరు ఎందుకెత్తలేదు?"

"సభకి కొన్ని మర్యాదలుంటాయి తల్లీ. వ్యక్తుల పేర్లు ఎత్తకూడదు. ఎత్తినా రికార్డుల్లోంచి తీసేస్తారు."

"మా ఊరు వ్యక్తి కాదు కదండీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. శ్యాంప్రసాద్ కూడా నవ్వాడు, చిన్నపిల్ల ముద్దుమాటకి నవ్వినట్టు.

"ఈసారి గెలవగానే మొదటి ప్రశ్న మీ ఊరి మీదే."

"ఆరేళ్ల నుంచీ గెలిచే ఉన్నారు కదండీ."

శ్యాంప్రసాద్ ఆవిణ్ని వదిలి భీమరాజు వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు, ఉపన్యాసం మొదట్లో తగ్గించినట్టు. "ఆడవాళ్లకి సభ సంగతులు తెలీవు భీమరాజూ. నువ్వు తెలిసినవాడివి. నువ్వు చెప్పు."

హాల్లో అందరూ ఇటే చూస్తున్నారు. మంగరాజు కళ్లతోనే, కానివ్వు, అంటున్నాడు. వీసా గుర్తుకొచ్చింది భీమరాజుకి. యార్డు, క్యాంపు, నెల నెలా ఇంటికి పంపేది, అన్నీ గుర్తుకొచ్చాయి. జోడించిన చేతులు విడదీశాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జేబుల్లో పెట్టుకున్నాడు.

"నేనూ ఒకటే అడుగుతానండీ. ఆ రొయ్యల చెరువులు మీ వియ్యంకుడి గారివి కాకపోతే, మా ఊరి పేరు మీ నోటికొచ్చేదా?"

టీవీలో శ్యాంప్రసాద్ "ఎవరి కోసం అధ్యక్షా!" అని అరుస్తున్నాడు.

బయటి శ్యాంప్రసాద్ నవ్వు చెదరలేదు. గడియారం చూసుకున్నాడు. "మంగరాజూ, చూసుకో" అని వచ్చినంత మెల్లగా వెళ్లిపోయాడు.

మంగరాజు గొంతులో 'గారు' ఎగిరిపోయింది. "ఒరేయ్ భీమా! ఎవరితో మాట్లాడతన్నావో తెలుస్తందా? వీసా గుర్తుందా నీకు?"

"ఉంది. ఆవిడ పాస్‌పోర్టు ఆవిడకియ్యి."

"ఇవ్వకపోతే ఏంటంట?"

పేరమ్మ లేచింది. తిన్నగా కౌంటరు దగ్గరికి పోయి, అక్కడున్న తెల్ల కందూరా అంగీ తొడుక్కున్న మేనేజరుతో అరబ్బీలో మాట్లాడటం మొదలుపెట్టింది. రాస్ అల్ ఖైమా వంటింట్లో నేర్చుకున్న అరబ్బీ. ముసలావిడకి మందులు తాగించిన అరబ్బీ. భీమరాజుకి 'జవాజ్' అన్న ఒక్క ముక్కే అర్థమైంది, పాస్‌పోర్టు అని. ఆ మనిషి ముఖం మారింది. మంగరాజుని చూశాడు, అతని చంకలో సంచీని చూశాడు, ఫోను ఎత్తాడు. ఇంకొకరి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం ఈ దేశంలో నేరమని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరి పెట్టెలో పాస్‌పోర్టులు వాళ్లు పెట్టుకునే ఉంటారు, అది వేరే సంగతి. కానీ హోటల్ కౌంటరు ముందు, పట్టపగలు, మేనేజరు చూస్తుండగా పెట్టుకోలేరు.

మంగరాజు పరుగున వచ్చాడు. "మాఫీ ముష్కిలా, మాఫీ ముష్కిలా! ఏం గొడవ లేదు!" నవ్వుతూనే సంచీ జిప్పు లాగాడు. పేరమ్మ పాస్‌పోర్టు తీసుకుని, ఫొటో తనదేనని చూసుకుని, రవికలో దోపుకుంది.

ఇడ్లీలు తింటున్న ఆడవాళ్లలో ఒకావిడ చెయ్యి కడుక్కుని వచ్చింది. "నాదీ ఇచ్చెయ్యండి మంగరాజు గారూ." ఆవిడ వెనక ఇంకొకావిడ. చూస్తుండగా సంచీ ముందు వరస తయారైంది. మగ మెంబర్లు కుర్చీల్లోంచి లేవలేదు.

"పద, బయటికి పోదాం" అన్నాడు భీమరాజు.

"ఎందుకు? పారిపోడానికి నేనేం తప్పు చేసేను? వాళ్లతో వచ్చేను, వాళ్లతోనే పోతాను. ఓటు నాతో ఉంటది." అతన్ని చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకుపోయింది, ఈసారి జనాన్ని చూసుకోలేదు. "ముందు ఇడ్లీ తిను. మంచి చట్నీ. శ్యాంప్రసాద్ గారి ఖర్చు."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. వాళ్ల చుట్టూ కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి.

మెంబర్లంతా తిరిగి ఊరికి పోయారు, ఓట్లు పడ్డాయి. శ్యాంప్రసాద్ గెలిచాడు. భీమరాజు ఆ కబురు భోజనాల వేళ విన్నాడు. కంచంలోది తినేశాడు. శ్యాంప్రసాద్ ఓడిపోతాడని అతనెప్పుడూ అనుకోలేదు. ఓడిపోయేవాడైతే ఇంతమందిని విమానాల్లో తిప్పుతాడా?

కానీ గెలుపు అనుకున్నంత రాలేదట. దుబాయ్ తీసుకొచ్చినవాళ్లలోనే కొందరు చెయ్యిచ్చారట. ఆ సాయంత్రం మంగరాజు ఫోన్ చేశాడు. మళ్లీ 'గారు' వచ్చింది.

"మెంబరు గారూ, అయిందేదో అయిపోయింది. ఎవరు వేసేరో ఎవరు వెయ్యలేదో సారు లెక్క తీస్తన్నారు. మీరొక పని చెయ్యండి. 'మా ఆవిడ మీకే వేసింది, పంచాయతీల కోసం మీరు సభలో చేసిన పోరాటానికి కృతజ్ఞతలు' అని చిన్న వీడియో పెట్టండి. సారికి చూపిస్తాను. మీ వీసా కాగితం నా బల్ల మీదే ఉంది. రేపే చేయించేస్తాను."

గదిలో అందరూ విన్నారు. స్పీకరు పెట్టే మాట్లాడాడు భీమరాజు.

"చెప్పెయ్యప్పా" అన్నాడు హబీబుల్లా. అతనే అలా అంటాడని భీమరాజు అనుకోలేదు. "పెట్టెలో పడిన ఓటు ఎవరికి తెలుస్తాది? అబద్ధం అయితేనేం, నిజం అయితేనేం. వీసా మాత్రం నిజం గదా."

భీమరాజు పేరమ్మకి ఫోన్ కలిపాడు. "ఎవరికేసేవే?"

"రహస్య ఓటు మావా."

"నాకు కూడా చెప్పవా?"

"నీకు చెబితే నిన్నే అడుగుతారు. నీకు తెలీకపోతే నువ్వు నిజం చెప్పక్కర్లేదు, అబద్ధం చెప్పక్కర్లేదు."

"వీసా పోద్దే."

"పోతే వచ్చెయ్. వల మూలనే ఉంది. కలెక్టరాఫీసు ముందు మేం టెంటు వేసేం. నీళ్ల కోసం. టెంటుకి గుంజలు సరిగ్గా నిలబడట్లేదు, వెల్డింగు వచ్చినోడు కావాలి."

మొదట ఒళ్లు మండింది భీమరాజుకి. కట్టుకున్న మొగుడికి చెప్పదా? ఇన్నాళ్లూ 'మెంబరు గారు' అనిపించుకున్నదంతా ఇదేనా? ఫోను మంచం మీద పడేసి గోడకి తిరిగి పడుకున్నాడు. పడుకుని ఉండగానే నవ్వొచ్చింది. కడుపులోంచి వచ్చింది, మంచం కదిలేలా. శ్యాంప్రసాద్‌కి తెలీదు. మంగరాజుకి తెలీదు. తనకీ తెలీదు. ముగ్గురు మొగాళ్లు ఒక ఓటు చుట్టూ తిరుగుతున్నారు, ఒక్కడికీ చిక్కలేదు.

లేచి కూర్చున్నాడు. "హబీబన్నా, ఫోను పట్టుకో. వీడియో తియ్యి."

"చెప్తాండావా?"

"చెప్తాను."

మంచం దిగి గది మధ్యన నిలబడ్డాడు. బనీను మీద చొక్కా వేసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. చుట్టూ మంచాల మీదివాళ్లు లేచి కూర్చున్నారు.

"అధ్యక్షా!" అన్నాడు భీమరాజు. ఎవరూ నవ్వలేదు.

"నా పేరు భీమరాజు. మా ఊరు గోగుల మెరక. గోగుల మెరక, అధ్యక్షా. నోరు తిరగని పేరేం కాదు. ఆరో క్లాసులో బడి మానేసినోణ్ని నేనే అంటన్నాను. గోగుల మెరక మంచినీళ్ల చెరువు ఉప్పైపోయింది. గోగుల మెరక పిల్లలకి ఒళ్లంతా దద్దుర్లు. గోగుల మెరక పంచాయతీ తీర్మానం చేసింది, దాన్ని పాతేసేరు. రొయ్యల చెరువులు ఎవరివో సభలో చెప్పకూడదంట. ఇది సభ కాదు, ముసఫ్ఫాలో మా గది. ఇక్కడ చెప్పొచ్చు. అవి శ్యాంప్రసాద్ గారి వియ్యంకుడివి. మా ఆవిడ ఎవరికి ఓటేసిందో నాకు తెలీదు. తెలిసినా చెప్పను. అది ఆవిడది. ఇంక మెంబరుతో పనుంటే మెంబరుకే ఫోన్ చెయ్యండి. గోగుల మెరక, అధ్యక్షా! గోగుల మెరక!"

ఎవడో కంచం తీసి మంచం ఇనప పట్టీ మీద కొట్టాడు. ఇంకొకడు డబ్బా మూత అందుకున్నాడు. పక్క గదివాళ్లు ఏం కొంప మునిగిందోనని తలుపు తోసుకుని వచ్చారు. చప్పుడు ఆగలేదు.

హబీబుల్లా ఫోను అతని చేతికిచ్చాడు. "బాగా ఆలోచించుకో. ఈ బొటనవేలు పడిందా, ఖలాస్."

భీమరాజు నొక్కాడు, వీడియో మంగరాజుకి పోయింది. కాసేపటికి మెసేజి పక్కన గీతలు నీలంగా మారాయి.

"చూసినాడు" అన్నాడు హబీబుల్లా. మంగరాజు నుంచి ఏమీ రాలేదు. రాదు కూడా. హబీబుల్లా వంగి మంచం కింది నుంచి భీమరాజు పెట్టె బయటికి లాగి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచాడు. "ఇంగ యల్లా. సర్దుకో అధ్యక్షా."

"సర్దుతాను" అన్నాడు భీమరాజు. "ముందిది మా మండలం గ్రూపులో పెట్టాలి. నాకు గ్రూపులో పెట్టడం రాదు, నువ్వు పెట్టు."